ఈసారి రెండో రౌండు

ఈ ఏడు సెలక్షన్లకు ఎనిమిది మంది వచ్చారు. బేస్‌బాల్ ఆడాలంటే తొమ్మిది మంది కావాలి. ఇది తెలుసుకోవడానికి కోచ్ అక్కర్లేదు, చేతివేళ్ళు చాలు. ఆ ఎనిమిది మందిలో నలుగురు క్రికెట్ టీంలో చోటు దొరక్క వచ్చినవాళ్ళు. ఒకడు హాస్టల్లో తోచక వచ్చానని నా మొహం మీదే చెప్పాడు. పదకొండేళ్ళుగా సాయంత్రాలు ఈ యూనివర్సిటీ బేస్‌బాల్ టీంకు కోచింగ్ ఇస్తున్నాను. పగలు మల్కాజ్‌గిరిలో ఒక స్కూల్లో డ్రిల్లు మాస్టర్ని. రెండు చోట్లా ఈల ఊదడమే పని. నలభై దగ్గరపడుతున్నాయి, కుడి మోకాలు మాట వినడం మానేసింది, నాకూ ఓపిక అయిపోయింది.

అందుకే ఆ శుక్రవారం ఒక లెటరు రాసి చొక్కా జేబులో పెట్టుకున్నాను. తగినంత మంది క్రీడాకారులు లేనందున ఈ సంవత్సరం జట్టును పంపలేకపోతున్నాము, ఇట్లు అని. ఎంట్రీలకు శనివారం ఆఖరు రోజు. ఆఫీసులో ముందే చెప్పారు, ఒక్క ఏడు ఎంట్రీ ఆగిందంటే మళ్ళీ పెట్టే ప్రసక్తి లేదు, ఆ గ్రౌండు మూల కూడా వేరేవాళ్ళకు ఇచ్చేస్తామని. ఇచ్చుకోనీ, ఇన్నేళ్ళు ఊడబొడిచిందేముంది అనుకున్నాను. ఆ సాయంత్రం ఊరికే అలవాటు కొద్దీ గ్రౌండుకు వెళ్ళాను. ఆ ఎనిమిది మందీ వచ్చి ఉన్నారు.

అప్పుడొచ్చింది ఆమె. నలభై అయిదేళ్ళుంటాయి. స్కూటీ గేటు దగ్గర ఆపి, హెల్మెట్ చంకన పెట్టుకుని, చేతిలో బట్టల షాపు సంచితో నేరుగా నా దగ్గరికి నడిచి వచ్చింది.

"కోచ్ సార్ మీరేనా? మీ బాల్స్ ఇచ్చి రమ్మన్నడు సార్ మా నాయన. ఆరున్నయి, చూసుకోండ్రి. యూనివర్సిటీ సామాను ఇంట్ల ఉండొద్దన్నడు."

సంచిలోకి చూశాను. కుట్లు ఊడిన పాత బంతులు మళ్ళీ కుట్టించుకుని వచ్చాయి. ఎవరి చేతి కుట్టో చెప్పక్కర్లేదు.

"కాకా రాలేదేమమ్మా?"

"నాయన పోయిండు సార్. ఇయ్యాల్టికి ఇరవై రెండు దినాలు."

సంచి పట్టుకుని అలాగే నిలబడిపోయాను. కంచె పక్కన కాకా కూర్చునే సిమెంటు పైపు నెల రోజులుగా ఖాళీగా ఉందని నేను చూశాను. ఎందుకు ఖాళీగా ఉందని మాత్రం ఎవర్నీ అడగలేదు. వానలు గదా, రాలేదేమోలే అనుకున్నాను. సిగ్గుగా ఉంది, అయినా చెబుతున్నాను.

ఆమె తండ్రి పేరు చెప్పింది. పదిహేనేళ్ళ పరిచయంలో ఆ పేరు వినడం అదే మొదలు. ఇక్కడ రాయను. గ్రౌండులో ఆయనకు పేరు లేదు, అందరికీ కాకా.

కాకా లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో సీట్లు కుట్టే పని చేసి రిటైరైన మనిషి. బెర్తుల మీద రెగ్జిన్ బిగించి కుట్టడం ఆయన విద్య. రిటైరయ్యాక షుగరు వచ్చింది, డాక్టరు నడవమన్నాడు. లాలాగూడ నుంచి తార్నాక మీదుగా క్యాంపస్‌లోకి నడిచి వచ్చేవాడు. ఒకరోజు మా ప్రాక్టీసు దగ్గర ఆగి, కాసేపు చూసి, కంచె మీంచి అడిగాడట.

"వికెట్లేవి బిడ్డా?"

"వికెట్లుండవు కాకా."

"మరి ఔటెట్లయితరు?"

ఎవడూ చెప్పలేదు. చెప్పడం మొదలుపెడితే చీకటి పడుతుంది. ఆయన మాత్రం వెళ్ళిపోలేదు. ఆ పైపు మీద మూడు వారాలు కూర్చుని ఆటంతా తనే తెలుసుకున్నాడు. నాలుగో వారం, రెండో బేసుకూ మూడో బేసుకూ నడుమ కాపుండే షార్ట్‌స్టాప్‌ని గొడుగుతో పిలిచి, "నువ్వు రెండడుగులు ఇవతలికి నిలబడాలె" అన్నాడు. వాడు నవ్వాడు. మర్నాడు నాలుగు బంతులు తన పక్కనుంచే పోయేసరికి నోరు మూసుకుని రెండడుగులు ఇవతలికి జరిగాడు.

గొడుగు ఆయన ఎన్నడూ తెరవగా చూడలేదు. వానొస్తే తడిసేవాడు. గొడుగు వేలెత్తి చూపడానికే. ఖాకీ చొక్కా కాలరుకు ఎప్పుడూ ఒక వంకర సూది, దానికి మైనం పట్టించిన ఎర్రదారం. స్టీలు డబ్బాలో నానబెట్టిన మెంతులు. షుగరుకు తను తినేవాడు, భుజానికి మంచిదని, బంతి విసిరే మా పిచర్లకు తినిపించేవాడు. మెంతులు భుజానికి మంచివని ఏ వైద్యుడు చెప్పాడో తెలియదు. కాకా చెప్పాడు, మేం మొహాలు ముడుచుకుని నమిలాం.

చప్పట్లలో మరీ పిసినారి. ఎవడైనా బంతిని మైదానం అవతలికి కొట్టినా చెయ్యి కదిపేవాడు కాదు. దూరం నుంచి ఎవడైనా సూటిగా విసిరితే మాత్రం ఒక్కటంటే ఒక్కటే చప్పట. "కొట్టేటోడు గాలికి గూడ కొడ్తడు. ఇసిరేటోడే టీం" అనేవాడు.

బంతుల సంగతి అలా మొదలైంది. మాకు ఏడాదికి ఇచ్చే బంతులు రెండు నెలలకే కుట్లు ఊడి నాలుక బయటపెట్టేవి. కాకా ఒకదాన్ని జేబులో వేసుకుపోయాడు. మర్నాడు తెచ్చి, దాన్ని మా చేతుల్లో తిప్పి తిప్పి చూపించాడు.

"ఎన్ని కుట్లున్నయో ఎరుకేనా? లెక్కబెట్టిన. నూట ఎనిమిది."

"అంబులెన్స్ నంబరు కాకా" అన్నాడు ఎవడో.

"నీ మొకం. అష్టోత్తరం రా అది! దేవునికి జేసే లెక్క. గసొంటి బాల్‌ను నేలపాలు జేస్తున్నరు మీరు."

పూజలూ పునస్కారాలూ ఆయనకు పెద్దగా పట్టేవి కావు. కానీ ఆ లెక్క కనుక్కున్న రోజు నుంచి బంతి కింద పడితే తొక్కనిచ్చేవాడు కాదు.

సెలక్షన్లు అయిన రోజు సాయంత్రం గేటు బయట చాయ్ బండి దగ్గర కాకా ఆ ఏటి టీం జాతకం చెప్పేవాడు. అది మాకు ఆనవాయితీ అయిపోయింది. అది వినకుండా మాకు సీజన్ మొదలైనట్టే ఉండేది కాదు. చక్కెర లేని చాయ్ ఊదుకుంటూ, ఎవరి మొహమూ చూడకుండా, రోడ్డు వైపు తిరిగి చెప్పేవాడు.

"పిచర్ మంచిగనే ఉన్నడు గని నాలుగో ఇన్నింగ్స్ కాంగనే భుజం దిగుతది. ఫస్టు బేసుకు పొడుగు పిల్లగాడు దొరికిండు, నయమే. క్యాచర్ వంగుతలేడు, నడుము పట్టిందేమో అడుగుండ్రి. బ్యాటింగు సంగతి నన్నడగకుండ్రి. కేరళ పిల్లలు మొదటి రౌండుల తగలకపోతే చాలు. మొత్తం మీద, ఈసారి రెండో రౌండు."

మా టీం జోనల్ పోటీల్లో మొదటి రౌండు దాటడం ఆయన ఎన్నడూ చూడలేదు. అయినా పోయిన ఏడు చెప్పిందీ రెండో రౌండే, అంతకు ముందు చెప్పిందీ రెండో రౌండే. ఒకసారి నేను ఉండబట్టలేక అడిగాను.

"ఎట్లాగూ నోటిమాటే కదా కాకా, కప్పు కొడతామని చెప్పొచ్చుగా?"

"ఎహె, మెట్టు మెట్టు ఎక్కాలె గని మిద్దె మీదికి ఎగుర్తమా?"

ఆయన జాతకాలు ఎప్పుడూ తప్పేవి. మనుషుల విషయంలోనూ తప్పేవి. ఒక బొద్దు పిల్లవాణ్ణి చూసి "ఈడు పనికిరాడు, పప్పన్నం పిల్లగాడు" అని తేల్చేశాడు. వాడు ఏడాది తిరిగేసరికి మాకు దొరికిన క్యాచర్లందరిలోకీ గట్టివాడయ్యాడు. కాకా క్షమాపణ చెప్పలేదు. మెంతుల డబ్బా మూత తీసి, మొత్తం డబ్బా వాడి చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. పాపం వాడు మొత్తం తినాల్సి వచ్చింది.

మొండితనం కూడా తక్కువేం కాదు. మా మూల క్రికెట్ నెట్ కడతామని కొందరు వస్తే, వాళ్ళు గుంజ పాతే చోటే గొడుగు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. వాళ్ళు బతిమాలారు, బెదిరించారు. "నాకు షుగరున్నది, లేవలేను" అన్నాడు. ఆ రోజుకు వాళ్ళే పోయారు.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. చెప్పకుండా తప్పించుకుందామనే ఇంతసేపు తిప్పాను.

నేను ఎం.ఏ. రెండో సంవత్సరంలో ఉన్నప్పుడు జోనల్ పోటీలు మా గ్రౌండులోనే జరిగాయి. మొదటి రౌండు. చివరి ఇన్నింగ్స్‌లో మేం ఒక్క రన్ను ముందున్నాం, బ్యాటింగు వాళ్ళది. ముగ్గురు ఔటైతే వాళ్ళ కథ ముగుస్తుంది, అప్పటికి ఒకడు ఔట్. వాళ్ళ మనుషులు రెండో బేసు మీద ఒకడు, మూడో బేసు మీద ఒకడు నిలబడి ఉన్నారు. బంతి ఆకాశంలోకి లేచింది. మైదానం వెనక భాగంలో, సెంటర్‌లో నేనున్నాను. వెనక్కి వెనక్కి పరుగెత్తి, పడబోతూ పట్టుకున్నాను. నా జన్మలో అలాంటి క్యాచ్ అంతకు ముందు లేదు, ఆ తరవాతా లేదు.

ఇక్కడొక మాట తెలియాలి. క్రికెట్‌లో క్యాచ్ పట్టాక ఆ బంతికి ఆట ఆగిపోతుంది. బేస్‌బాల్‌లో ఆగదు. క్యాచ్ పట్టిన క్షణం నుంచి బేసు మీదున్నవాడు ఇంటికి, అంటే హోం ప్లేటుకు, పరుగు తియ్యొచ్చు, చేరితే రన్ను. పట్టినవాడు వెంటనే విసరాలి. ఈ రూలు నాకు తెలియక కాదు. బుర్రకు తెలుసు, చేతులకు తెలియదు. చేతులు అయిదేళ్ళప్పటి నుంచీ గల్లీ క్రికెట్ ఆడిన చేతులు. బంతి పట్టుకుని రెండు చేతులూ పైకెత్తాను. మావాళ్ళూ గల్లీ క్రికెట్ పిల్లలే, నలుగురు పరుగెత్తుకొచ్చి నన్ను కావలించుకున్నారు. కంచె దగ్గర కాకా పైపు మీద నిలబడి, గొడుగు ఊపుతూ ఏదో అరుస్తున్నాడు. నా క్యాచ్‌కి పొంగిపోయాడనుకున్నాను. ఒక్క చప్పట మనిషి అంతలా అరుస్తుంటే ఎంత సంతోషమో! బంతి పట్టుకున్న చెయ్యి ఎత్తి, ఆయనకు సలాం చేశాను.

"వెయ్ రా! బాల్ వెయ్ రా!" అని అరుస్తున్నాడు ఆయన.

నాకు అర్థమయ్యేసరికి మూడో బేసు వాడు ఇల్లు చేరాడు. రెండో బేసు వాడు కూడా, వెనక్కి చూసుకుంటూ, ఇదేం పిచ్చి జనమని నవ్వుకుంటూ చేరాడు. ఒక్క రన్నుతో ఓడిపోయాం.

ఆ సాయంత్రం టీంలో ఎవడూ నాతో మాట్లాడలేదు. నన్ను కావలించుకున్నవాళ్ళు కూడా. చాయ్ బండి దగ్గర ఓటమి మీద పోస్టుమార్టం చెయ్యడం కూడా కాకా పనే. అందరం ఆయన నోటి వైపే చూస్తున్నాం. ఆయన చాయ్ తాగడం ముగించి, గ్లాసు బండి మీద పెట్టి అన్నాడు.

"గాలి ఎక్కువుండె."

ఆ రోజు ఆకు కదల్లేదు. ఉక్కపోతకు చచ్చాం. అయినా ఎవడూ ఎదురు చెప్పలేదు. ఆ అబద్ధానికి నేను ఇవాళ్టికీ ఆయనకు రుణపడి ఉన్నాను. బయల్దేరుతూ నా పక్కనుంచి పోతూ, తల తిప్పకుండా, "రేపు పొద్దున అయిదున్నరకు రా" అన్నాడు.

వెళ్ళాను. బంతి లేపడానికి మా పిచర్ని నిద్రలేపి తీసుకుపోయాను. కాకా అప్పటికే వచ్చి ఉన్నాడు. గొడుగు పైపు మీద పెట్టి, చెప్పులు విడిచి, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, మూడో బేసు మీద కాలేసి నిలబడ్డాడు. హోం ప్లేటు వెనక పాత ఇనుప రేకొకటి నిలబెట్టి ఉంది.

"నువ్వు పట్టంగనే నేను ఉరుకుత. నేను చేరకముందే రేకు మోగాలె. మోగకపోతే నాకు రన్ను."

అరవై దాటిన షుగరు మనిషి. నాకు నవ్వొచ్చింది, ఆ నవ్వు అయిదు నిమిషాలు కూడా నిలవలేదు. మొదటి రోజు పది బంతులకు తొమ్మిది సార్లు ఆయనే చేరాడు. బంతి చేతిలో పడగానే నా ఒళ్ళు ఒక్క క్షణం ఆగిపోయేది, శభాష్ అనిపించుకోవడానికి. ఆ ఒక్క క్షణంలో ఆయన దబదబా దాటిపోయేవాడు. దాటాక నడుము మీద చేతులేసుకుని, రొప్పుతూ, "షుగర్ పేషెంటు రన్ను కొట్టిండని పేపర్ల వేయించు" అనేవాడు.

మూడు వారాలు రోజూ పరుగెత్తాడు. ఒకరోజు కాలి బొటనవేలికి గాజుపెంకు గుచ్చుకుని రక్తం కారింది. షుగరు మనిషికి అది ఎంత ప్రమాదమో అప్పుడు నాకు తెలియదు, ఆయనకు తెలుసు. గుడ్డ కట్టుకుని మళ్ళీ బేసెక్కాడు. ఆఖరికి ఒక పొద్దున బంతి పట్టానో లేదో తెలియకుండానే విసిరేశాను. ఆయన సగం దారిలో ఉండగానే రేకు ఖణేలుమంది. అక్కడికక్కడే ఆగి, మోకాళ్ళు పట్టుకుని, ఊపిరి తీసుకుని, ఒక్క చప్పట కొట్టాడు. నాకు ఏడుపొచ్చింది. చెమట తుడుచుకుంటున్నట్టు తుడుచుకున్నాను.

ఆ ఏడాదితో నా ఆట అయిపోయింది. ఉద్యోగం కోసం తిరిగి తిరిగి, చివరికి ఇదే గ్రౌండుకు కోచ్‌గా వచ్చాను. పైపు మీద కాకా అలాగే ఉన్నాడు. టీంలు మారాయి, తార్నాకకు మెట్రో వచ్చింది, పిల్లల చేతుల్లోకి ఫోన్లు వచ్చాయి, మేం మొదటి రౌండులో ఓడుతూనే ఉన్నాం. నడవలేని రోజుల్లో ఆటోలో వచ్చేవాడు. పోయిన ఏడు ఓడినప్పుడు మాత్రం చాయ్ బండి దగ్గర పోస్టుమార్టం కూడా చెయ్యకుండా గ్లాసు తిప్పుతూ కూర్చున్నాడు.

"నాకు గూడ యాష్టకొస్తున్నది బిడ్డా" అన్నాడు చివరికి.

"మరి రావడం మానెయ్యొచ్చు కదా కాకా?"

"మానేసి ఏం జెయ్యాలె? ఇంట్ల టీవీల క్రికెట్ వస్తది. అది గెలుస్తనే ఉంటది. ఇగ అండ్ల నా అవసరమేమున్నది?"

ఆ మాటకు అప్పుడు నవ్వాను. బంతుల సంచి పట్టుకుని నిలబడ్డ ఆ శుక్రవారం మాత్రం నవ్వు రాలేదు.

"దవాఖానల గూడ ఇదే లొల్లి సార్" అంది కాకా కూతురు. "సెలక్షన్లు ఎప్పుడు, ఎవలెవలు వచ్చిండ్రు అని. సూది చేతికి గుచ్చుకుంటున్నది, ఇప్పుడెందుకు నాయనా అంటే ఇనలే. ఆఖరి బాల్ మంచంల కూసోనే కుట్టిండు. ఎర్రదారం అయిపోతే నల్లదారం ఏసిండు, చూడుండ్రి."

చూశాను. ఒక బంతికి సగం ఎరుపు, సగం నలుపు.

"సార్, ఏమనుకోవద్దు, ఒక్క మాట. సలాం చేసింది మీరేనా?"

"ఎవరు చెప్పారు?"

"మా ఇంట్ల మీ పేరు ఎవలకూ తెల్వది సార్. 'సలాం చేసినోడు' అంటేనే ఎరుక. నేను వెయ్ రా వెయ్ రా అని మొత్తుకుంటుంటే నాకు సలాం చేసిండే అని, చెప్పుకుంట చెప్పుకుంట నవ్వేటోడు. మా పిల్లలకు గదే కథ." ఆమె కళ్ళు తుడుచుకుంది. "మరి ఈసారి ఎట్లయితది నాయనా అనడిగిన. రెండో రౌండు అంటడేమో అనుకున్న. అనలే. 'టీంను చూడకుండ ఎట్ల చెప్త? నువ్వు పోయినప్పుడు చూసి రా' అన్నడు. ఎట్లున్నది సార్ టీం?"

జేబులో లెటరు ఉంది.

"ఎనిమిది మందే ఉన్నారమ్మా" అన్నాను.

"కొద్దిసేపు కూసోని చూస్త సార్" అని, వెళ్ళి పైపు మీద కూర్చుంది. హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుంది.

ఇక తప్పలేదు. ఈల ఊదాను. సంచిలోంచి చేతికి దొరికిన బంతి తీసి ఒకణ్ణి కొట్టమన్నాను. మిగతావాళ్ళను నిలబెట్టి, మనిషి చాలక, పరుగెత్తేవాడిగా మూడో బేసు మీద నేనే నిలబడ్డాను. బంతి ఎత్తుగా లేచింది. సెంటర్‌లో హాస్టల్ కుర్రాడున్నాడు, తోచక వచ్చినవాడు. వెనక్కి వెనక్కి పరుగెత్తాడు. దొరకదనుకున్నాను. పడుతూ పడుతూ పట్టేశాడు. నిజం చెప్పొద్దూ, నా దానికన్నా మంచి క్యాచ్. అందరూ ఈలలు వేసి వాడి మీదికి పరుగెత్తారు.

"వెయ్ రా!" అని నేను అరిచాను. "బాల్ వెయ్ రా!"

వాడు నన్ను చూశాడు. మొహమంతా నవ్వు చేసుకుని, బంతి పట్టుకున్న చెయ్యి ఎత్తి నాకు సలాం చేశాడు.

నేను పరుగెత్తాను. మోకాలు వద్దంటోంది, మెడలో ఈల గుండె మీద కొట్టుకుంటోంది, జేబులో లెటరు చెమటకు తడుస్తోంది. హోం ప్లేటు వెనక ఆ పాత రేకు ఇంకా అక్కడే ఉంది, అది మోగలేదు. హోం ప్లేటు తొక్కి, వంగి, మోకాళ్ళు పట్టుకుని నిలబడ్డాను. వెనక పైపు మీంచి ఆమె పకపకా నవ్వుతోంది, ఏడుస్తూనే నవ్వుతోంది.

"గిదేనా సార్? గిదేనా మా నాయన చెప్పింది?"

కుర్రాడు భయపడి పరుగెత్తుకొచ్చాడు. "సార్, ఏమైంది సార్? క్యాచ్ పట్టిన కద సార్?"

"పట్టావు. బాగా పట్టావు. గాలి ఎక్కువుంది" అన్నాను, ఊపిరి అందాక. "రేపు పొద్దున అయిదున్నరకు రా. నీ రూమ్మేట్‌ను కూడా లేపుకురా."